కృష్ణలో కలపొద్దు నాన్నా, నేనొచ్చేదాకా ఆగు

అస్సలాము అలైకుం నాన్నా,

మొన్న శుక్రవారం అమ్మ ఫోన్లో చెప్పింది, అటక మీద ట్రంకుపెట్టెలో ఉన్న జేజితాత వాళ్ళ కురాన్ బాగా పాడైపోయిందంట కదా, ఆకులు ఊడి వస్తున్నాయి, పురుగు కూడా పట్టింది, ఇంక చదవడానికి పనికిరాదు, రంజాన్ లోపల అమరావతి తీసుకెళ్ళి కృష్ణలో కలిపేద్దామని నువ్వు అనుకుంటున్నావంట. హజ్రత్ గారు కూడా అదే మంచిదన్నారంట. ఆ టైంకి నేను డ్యూటీలో ఉన్నా, ఏం చెప్పాలో తెలీక సరేలే అమ్మా అని పెట్టేశా. కానీ రాత్రి నిద్ర పట్టలేదు నాన్నా. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తే నా మనసులో ఉన్నది నీకు అర్థం కాదు, అందుకే కూర్చుని ఇంత పొడుగు ఉత్తరం టైప్ చేస్తున్నా. నీకు ఫోన్లో చదవడం కష్టమైతే అన్నయ్యని చదివి వినిపించమను, మధ్యలో ఆపొద్దని చెప్పు.

నువ్వు చేసేది తప్పని నేను అనట్లేదు. చిరిగిపోయిన కురాన్ని కాళ్ళ కింద పడనీకుండా నీళ్ళలో కలపడమో, శుభ్రమైన చోట పాతిపెట్టడమో మన పెద్దవాళ్ళు గౌరవంతో చేసిన పని. కానీ ఆ గౌరవంతోనే ఇంకొంతమంది ఇంకో పని చేశారు, పారెయ్యకుండా ఎవరి చెయ్యీ పడని చోట దాచిపెట్టారు. వాళ్ళు అట్టా దాచబట్టే ఈరోజు ప్రవక్త గారి కాలానికి అతి దగ్గరి ఆకులు లోకం చూడగలుగుతోంది. ఆ సంగతి నీకు చెప్పాలి.

నేను 2015లో చదువుకోడానికి బర్మింగ్‌హామ్ వచ్చిన కొత్తల్లో గుర్తుందా, అక్టోబర్‌లో ఒకసారి ఫోన్ చేసి ఏడ్చా, ఏమైందమ్మా అని నువ్వు కంగారుపడ్డావు. ఏం లేదు, ఇల్లు గుర్తొచ్చింది అన్నా. అసలు సంగతి ఏంటంటే ఆరోజు మా యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళ దగ్గరున్న రెండు కురాన్ ఆకుల్ని జనానికి చూపిస్తున్నారంటే వెళ్ళి వచ్చా. కాగితం కాదు, గొర్రెదో మేకదో తోలు, గీకి నునుపు చేసి దాని మీద రాసింది. లైటు బాగా తగ్గించి పెట్టారు, అద్దం వెనక ఆ రెండు ఆకులు. ఒక్కోటి మన చేత్తో జానెడున్నర పొడుగు ఉంటుందేమో. సిరా ముదురు గోధుమరంగు. అక్షరాలు పెద్దవి, అలిఫ్ అక్షరాలు నిట్టనిలువుగా కాకుండా పైన కుడిపక్కకి వాలి ఉన్నాయి, గాలికి వంగిన వరికంకుల్లాగా. ఆయత్ (వాక్యం) అయిపోయిన చోట చిన్న చిన్న చుక్కల గుంపు, ఒక సూరా (అధ్యాయం) అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట ఎర్రగా మెలికలు తిరిగిన గీత. అచ్చుల గుర్తులు ఎక్కడా లేవు, జేర్ లేదు, జబర్ లేదు, పేష్ లేదు. అక్షరాల పైనా కిందా పెట్టే చుక్కలు, నుక్తాలు కూడా అక్కడోటి ఇక్కడోటి. బే, తే, సే, నూన్, యే అన్నీ ఒకే పన్ను లాగా కనిపిస్తాయి. మన తెలుగులో గుడి, కొమ్ము, ఏత్వం అన్నీ తీసేసి వట్టి హల్లులు మాత్రం రాస్తే ఎట్టా ఉంటుందో అట్టా. ముందే నోటికి వచ్చినవాడే చదవగలడు.

పక్కన కార్డు మీద ఏ సూరాయో రాసి ఉంది. ఒక ఆకు మీద సూరా కహఫ్ (గుహ సూరా), 17వ ఆయత్ నుంచి 31 దాకా. రెండో ఆకు మీద మర్యం చివర, తాహా మొదలు. కహఫ్ అని చదవగానే నాకు నువ్వు ప్రతి శుక్రవారం పొద్దున రెహల్ (కురాన్ పెట్టుకునే చెక్క పీట) ముందు కూర్చుని చదివే గొంతు వినపడింది నాన్నా, అక్కడే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గుహలో పడుకున్న కుర్రాళ్ళు లేచి ఎంతసేపు పడుకున్నాం అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కునే ఆయత్ ఆ ఆకు మీదే ఉంది. ఒక రోజో, అందులో కొంతో అనుకుంటారు. అదే ఆకు వెనకపక్క మూడొందల మీద తొమ్మిదేళ్ళు అనే ఆయత్ ఉంది. నువ్వు చిన్నప్పుడు ఆ కథ చెప్తూ, వాళ్ళు అన్నం కొనడానికి పంపిన వెండి నాణెం చూసే ఊళ్ళోవాళ్ళు వీళ్ళు పాతకాలం వాళ్ళని గుర్తుపట్టారని చెప్పేవాడివి. ఎంత కాలం గడిచిందో మనిషి చెప్పలేకపోతే చేతిలో ఉన్న వస్తువు చెప్పింది. ఆ ఆకుల విషయంలో కూడా అట్టానే జరిగింది.

ఆ ఆకులు ఇక్కడికి ఎట్టా వచ్చాయంటే, ఇరాక్‌లో మోసుల్ ప్రాంతంలో పుట్టిన అల్ఫోన్స్ మింగానా అనే పాద్రీ ఇక్కడ స్థిరపడ్డాడు. మనం తినే క్యాడ్‌బరీ చాక్లెట్ కుటుంబంలో ఎడ్వర్డ్ క్యాడ్‌బరీ అనే ఆయన డబ్బులిస్తే 1920ల్లో తూర్పు దేశాలు తిరిగి రాతప్రతులు పోగేశాడు, మొత్తం మూడు వేల పైన. ఆ సేకరణలో ఈ రెండు ఆకులు ఇంకో పాత కురాన్ ఆకులు ఏడింటితో కలిపి ఒకే బైండులో ఉన్నాయి, అంతా ఒకటే అనుకున్నారు. ఆల్బా ఫెదెలీ అనే ఇటలీ ఆవిడ పీహెచ్‌డీ చేస్తూ చూసి, ఇవి ఒకే చేతిరాత కాదే అని పట్టుకుంది. ఇంకో గమ్మత్తు చెప్తా, ఈ రెండు ఆకులూ ప్యారిస్ జాతీయ లైబ్రరీలో ఉన్న 16 ఆకులూ ఒకే పుస్తకంలోవి. ఆ ప్యారిస్ ఆకులు పాత కైరోలో ఫుస్తాత్ అనే చోట అమ్ర్ ఇబ్నుల్ ఆస్ గారి మసీదులో ఉండేవి. అక్కడ కూడా పాడైపోయిన ముస్‌హఫ్‌లని (కురాన్ పుస్తకాలని) పారెయ్యకుండా శతాబ్దాలు అట్టే పెట్టారు. అట్టే పెట్టారు కాబట్టే మిగిలాయి నాన్నా, నేను చెప్పేది అదే.

వయసు ఎట్టా చెప్తారు అని నువ్వు అడుగుతావు. ఇప్పుడు చెప్తా విను. గాలిలో మామూలు కార్బన్‌తో పాటు కార్బన్ 14 అని ఒకటి చాలా కొంచెం ఉంటుంది. గడ్డి దాన్ని పీల్చుకుంటుంది, గొర్రె ఆ గడ్డి తింటుంది. గొర్రె బతికున్నంత కాలం ఒంట్లో అది నిండుతూనే ఉంటుంది, కోసిన రోజు నుంచి కొత్తది చేరదు, ఉన్నది మెల్లగా తరుగుతుంది. సగం తరగడానికి 5,730 ఏళ్ళు పడుతుంది. 1,400 ఏళ్ళ తోలులో ఇంకా నూటికి 84, 85 వంతులు మిగిలే ఉంటుంది, కాబట్టి కొలత చాలా ఖచ్చితంగా ఉండాలి, చిన్న తేడా వస్తే పదుల ఏళ్ళు అటూ ఇటూ అయిపోతాయి. పైగా గాలిలో కార్బన్ 14 అన్ని కాలాల్లో ఒకేలా ఉండదు, అందుకని ఏ ఏడాదిదో తెలిసిన పాత చెట్ల వలయాలతో పోల్చి సరిచేస్తారు. చిన్న ముక్క కోసి ఇవ్వాలి, అది ఇంక తిరిగి రాదు, ఊరికే ఎవరూ ఒప్పుకోరు. ఈ ఆకుల ముక్కని ఆక్స్‌ఫర్డ్ ల్యాబులో చూస్తే 568 నుంచి 645 మధ్యలో, 95.4 శాతం నమ్మకంతో అని వచ్చింది. 2015 జూలైలో ప్రకటించారు. ప్రవక్త గారు పుట్టింది 570 ప్రాంతంలో, కన్నుమూసింది 632లో. అంటే ఆ గొర్రె మేసిన రోజుల్లో ఆయన ఈ నేల మీద నడుస్తూ ఉండొచ్చు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

కానీ ఒకటి గుర్తుపెట్టుకో, మన వాళ్ళు గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేప్పుడు ఇది చెప్పరు. ల్యాబు చెప్పేది గొర్రె చచ్చిన కాలం, కలం పెట్టిన కాలం కాదు. తోలు తయారై కొన్నాళ్ళు పడి ఉండి తర్వాత రాసి ఉండొచ్చు. 568 అని ఉంది కాబట్టి ప్రవక్త గారి కంటే ముందే రాశారని కొందరు అటుపక్క పేపర్లో రాసేశారు, అదీ తప్పే, ఆ రెండు అంకెల మధ్య ఎక్కడైనా కావచ్చు అనే దాని అర్థం. అక్షరాల తీరు, సూరాల మధ్య గీతలు చూసే పండితుల్లో కొందరు ఇది ఏడో శతాబ్దం రెండో సగంలో రాసుంటారు అంటున్నారు. నేను రోజూ ల్యాబులోనే పనిచేస్తా కదా, ఒక్క రిపోర్టు చూసి పేషెంటుకి జబ్బు ఉందని ఎవరూ తేల్చరు, నాలుగు టెస్టులు కలిపి చూస్తారు. ఇక్కడా అంతే.

చేతిరాతని వేటితో పోలుస్తారంటే, తేదీ వేసి ఉన్న వాటితో. ఆ తొలి కురాన్లలో ఎవరూ తేదీ వెయ్యలేదు, రాసినవాళ్ళ పేరు కూడా లేదు. కానీ వియన్నాలో ఒక పపైరస్ చీటీ ఉంది, హిజ్రీ 22, అంటే 643లో ఈజిప్టులో రాసింది, సగం గ్రీకులో సగం అరబ్బీలో. అదేంటో తెలుసా, సైన్యం కోసం 65 గొర్రెలు తీసుకున్నట్టు రసీదు! ఒక మామూలు గొర్రెల రసీదు 1,380 ఏళ్ళు బతికి, ఇప్పుడు కురాన్ ఆకుల వయసు చెప్పడానికి సాక్ష్యం అయింది. అందులో కొన్ని అక్షరాలకి నుక్తాలు కూడా ఉన్నాయి. జెరూసలేంలో డోమ్ ఆఫ్ ది రాక్ అనే పాత కట్టడం లోపల రాతలు హిజ్రీ 72వి. ఇట్టాంటివన్నీ వరసగా పెట్టుకుని ఏ వంపు ఎప్పుడు మారింది అని చూస్తారు.

ఇంకోటి నీకు చాలా నచ్చుతుంది, నువ్వు ముప్ఫై ఏళ్ళు పేపర్లు దిద్దినవాడివి కదా. మారైన్ వాన్ పుట్టెన్ అనే డచ్ ఆయన 2019లో చూపించాడు. నీమతుల్లాహ్, అంటే అల్లాహ్ అనుగ్రహం, ఆ మాటలో నీమత్ అన్నది కురాన్లో కొన్ని చోట్ల చివర పొడుగు తే తో రాస్తారు, కొన్ని చోట్ల గుండ్రటి తే తో. రెండూ చెల్లేవే, అర్థం మారదు, పలుకు మారదు. రాసేవాడు తన ఇష్టం వచ్చినట్టు రాస్తే ఒక్కో ప్రతిలో ఒక్కో తీరు ఉండాలి. కానీ ఆయన 14 తొలి ప్రతులు పక్కపక్కన పెట్టి చూస్తే పొడుగు తే ఉన్న చోట అన్నిట్లో అదే, గుండ్రటి తే ఉన్న చోట అన్నిట్లో అదే. ఇద్దరు పిల్లల పేపర్లలో ఒకే చోట ఒకే తీరు కనిపిస్తే నువ్వు ఏమనేవాడివి, ఒకదాన్ని చూసి ఒకటి రాశార్రా అనేవాడివి కదా. అదే సంగతి. ఇవన్నీ నోటి మాట విని ఎవరికి వాళ్ళు రాసుకున్నవి కాదు, ఒకే మూల ప్రతి నుంచి కంటితో చూసి అక్షరం అక్షరం దించినవి. మూడో ఖలీఫా ఉస్మాన్ గారు ఒకే పాఠం సిద్ధం చేయించి పట్టణాలకి పంపారని మన హజ్రత్ గారు చెప్పేది, అక్షరాల లెక్కతో చూసినా దానికి సరిపోతోంది. ఇది చదివిన రోజు నేను డ్యూటీ బ్రేకులో ఉన్నా, టీ చల్లారిపోయింది, చూసుకోలేదు.

సనా సంగతి కూడా చెప్పకపోతే నీ దగ్గర దాచినట్టు అవుతుంది. యెమెన్‌లో సనా పెద్ద మసీదు 1972లో రిపేరు చేస్తుంటే లోకప్పుకీ పైకప్పుకీ మధ్య పాత తోలు ఆకుల కుప్ప బయటపడింది. మన అటక లాంటిదే అనుకో. పనివాళ్ళు బస్తాల్లోకి ఎత్తారు. అరిగిపోయిన కురాన్లని అక్కడ దాచి ఉంచారు, తర్వాత చూస్తే తొమ్మిది వందల పైన వేరు వేరు కురాన్ల ముక్కలు. అందులో ఒక దాని మీద మొదట రాసిన రాతని కడిగేసి దాని మీదే మళ్ళీ కురాన్ రాశారు. తోలు ఖరీదైంది, ఒక్క కురాన్‌కి గొర్రెల మందే కావాలి, కాబట్టి కడిగి వాడుకోవడం మామూలే. కడిగిన సిరా ఏళ్ళు గడిచేకొద్దీ లేతగా పైకి తేలింది, అల్ట్రావయొలెట్ వెలుతురులో, ఎక్స్‌రేలో ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ కింది రాత కూడా కురానే, కానీ అక్కడక్కడా మాటలు ఇప్పటి పాఠానికి తేడాగా ఉన్నాయి, సూరాల వరస వేరు. మొదటిసారి చదివినప్పుడు నాకు గుండెలో గుబులు పుట్టింది నాన్నా, నిజం చెప్తున్నా. తర్వాత తెలిసింది, ఇబ్న్ మస్‌ఊద్ గారు, ఉబయ్ గారు లాంటి సహాబాల (ప్రవక్త గారి వెంట ఉన్నవాళ్ళ) దగ్గర ఇట్టా చిన్న తేడాలున్న ప్రతులు ఉండేవని మన పాత పుస్తకాల్లోనే పెద్దవాళ్ళు దాచకుండా రాసిపెట్టారు. వాళ్ళు మాటగా రాసినదానికి ఇప్పుడు వస్తువు దొరికింది, అంతే. ఆ తోలులో ఒక ఆకుని ఒక ల్యాబులో చూస్తే 578 నుంచి 669 మధ్య అని వచ్చింది, అదే పుస్తకం వేరే ఆకుల్ని ఇంకో ల్యాబుకి ఇస్తే ప్రవక్త గారు పుట్టక ముందు కాలం కూడా వచ్చింది. అది కుదరదని పండితులు పక్కనపెట్టారు. అందుకే కార్బన్ ఒక్కదాన్నే నమ్మొద్దు అన్నా.

హైదరాబాద్ మామయ్య ఇస్తాంబుల్ వెళ్ళొచ్చి తోప్‌కాపీ మ్యూజియంలో ఉస్మాన్ గారి సొంత ముస్‌హఫ్ చూశా అని ఇంటిల్లిపాదికీ చెప్పాడు కదా. తయ్యార్ ఆల్టికులాచ్ అని ఒక పెద్దాయన, టర్కీలో మతవ్యవహారాల శాఖకి పెద్దగా చేసినవాడు, దాన్ని ఆకు ఆకూ చదివి 2007లో పుస్తకంగా తెచ్చాడు. తెచ్చి, ఇది ఉస్మాన్ గారిది కాదు, ఆ తర్వాతి కాలానిది అని ఆయనే రాశాడు. ఆ ముస్‌హఫ్ మీద అంత ప్రేమ లేకపోతే అన్నేళ్ళు కూర్చుని చదవడు, ప్రేమ ఉందని లేనిది ఉందని చెప్పలేదు. నాకు ఆయనంటే చాలా గౌరవం కలిగింది. మామయ్యకి మాత్రం ఇప్పుడే చెప్పకు, నొచ్చుకుంటాడు, నేనొచ్చాక నెమ్మదిగా చెప్తా.

ఇంక మన కురాన్ గురించి. అది వెయ్యేళ్ళదని నేను అనట్లేదు, కాగితం మీదది, నూట యాభయ్యో రెండొందలో ఏళ్ళది అయ్యుంటుంది, అసలు చేత్తో రాసిందో లక్నో నవల్ కిషోర్ ప్రెస్ లాంటి చోట రాతి అచ్చు వేసిందో కూడా నాకు తెలీదు, రాతి అచ్చు చూడ్డానికి చేతిరాత లాగే ఉంటుంది. కానీ అందులో జేజితాత వాళ్ళ వేళ్ళ మరకలు ఉన్నాయి. తాహా దగ్గర ఒక ఆకు అంచుకి నానమ్మ నూనె చెయ్యి తగిలిన గుర్తు ఉంది, అది నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తు. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు చిరిగిన నాలుగు ఆకులకి సెలోటేపు అంటించా, బాగుచేశా అనుకున్నా, ఆ టేపు జిగురు ఇప్పుడు పచ్చగా మారి కాగితాన్ని తినేస్తూ ఉంటుంది. ఆ తప్పు నాదే, దాన్ని సరిచేసే అవకాశం నాకు ఇవ్వు నాన్నా.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చాలా కొంచెం. టేపు పీకొద్దు. లామినేషన్ అని ఎవరు చెప్పినా వద్దు. ఎండలో పెట్టొద్దు, చెదల మందు కొట్టొద్దు. ట్రంకుపెట్టెలోంచి తీసి, దాన్ని చుట్టే పాత గుడ్డ, జుజ్‌దాన్ మాసిపోయింది కాబట్టి అమ్మ దగ్గరున్న ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పడుకోబెట్టు, నిలబెట్టొద్దు. వేపాకు వెయ్యొద్దు, మరకలు పడతాయి. ఊడిన ముక్కలు, పొడిలాంటివి కూడా పారెయ్యకుండా ఒక కవరులో వెయ్యి. వజూ చేసుకుని, చేతులు బాగా తుడుచుకుని ఆరాక పట్టుకో, తడి ఉండకూడదు.

అన్నయ్యకి పని చెప్పు. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పక్కన నీ స్కేలు పెట్టి ఫోటోలు తియ్యమను. ఒక ఆకుని కిటికీ ముందు పట్టుకుని వెనక నుంచి వెలుతురు వచ్చేట్టు ఒకటి, కాగితంలో ఏమైనా గుర్తు, గీతలు కనిపిస్తాయేమో. నువ్వు వేలితో వరసల కింద మెల్లగా తడిమి చూడు, రాసేవాళ్ళు వరస తిన్నగా రావడానికి మిస్తర్ అనే దారాలు కట్టిన అట్టతో నొక్కిన గీత తగులుతుందేమో. తగిలితే చేత్తో రాసిందే అయ్యుండొచ్చు. డిసెంబర్‌లో నేను వస్తున్నా ఇన్షా అల్లాహ్, ఇద్దరం కలిసి హైదరాబాద్ వెళ్దాం, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇట్టాంటి కురాన్లు చాలా ఉన్నాయి, అక్కడ చూపిద్దాం. వాళ్ళు కూడా చూసి ఇంక లాభం లేదంటే అప్పుడు అమరావతి నేనే నీతో వస్తా.

అన్నిటికంటే ముందు చివరి ఆకు ఫోటో పంపించు నాన్నా, సూరా నాస్ అయిపోయాక కింద చిన్న అక్షరాలతో నాలుగు వరసలు ఏదో రాసి ఉండేది, నువ్వు అది దువా అనేవాడివి. రాసినవాళ్ళ పేరూ ఏడాదీ అక్కడే వేస్తారంట. జూమ్ చేసి తియ్యమను.

అమ్మకి సలాం చెప్పు, మోకాలికి నూనె రాసుకోమను.

నీ షాహినా
బర్మింగ్‌హామ్